ల్యాబులోకి రాకూడని మనిషి

క్రీమత్త కళ్లు మూసుకుని ముంజేతి లోపలివైపు క్రీము రాసుకుంటోందంటే వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది. ఆ కాసేపూ కుక్కలు మొరిగేవి కావు, ఎదురింటి కుళాయి కారడం మానేసేది. కుళాయి సంగతి కాస్త అతిశయోక్తే గాని, కుక్కల సంగతి మాత్రం నిజం.

ఆమె పని నూనెకీ నీళ్లకీ పెళ్లి చెయ్యడం. ఆ రెండూ పుట్టు విరోధులు. వాటిని వేడి చేసి, నచ్చజెప్పి, మధ్యవర్తి లాంటి మైనాన్ని కూర్చోబెట్టి, గిర్రున తిప్పితే తెల్లటి క్రీము అవుతుంది. పెళ్లి ఎవరైనా చేస్తారు. ఎండలో, చలిలో, సీసాలో, సంచిలో ఏళ్ల తరబడి కాపురం విడిపోకుండా చూడటంలో ఉంది అసలు విద్య. క్రీమత్త నిలబెట్టిన కాపురాలకు లెక్కలేదు. ఎక్కడెక్కడివాళ్లో తమ చెడిపోయిన సరుకు పట్టుకొచ్చి ఆమె గుమ్మంలో నిలబడేవాళ్లు. ఒకసారి ఒకావిడ నీళ్లలా జారిపోతున్న షాంపూ తెచ్చి, "బాగా చిక్కగా ఉండేదండీ, ఉన్నట్టుండి ఇలా అయింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. క్రీమత్త మూత తీసి వాసన చూసి, "సెంటు మార్చావా?" అంది. మార్చింది. కొత్త సెంటు షాంపూ నడుం విరిచేసింది. అంతే.

ఇంటి వెనక గదే ఆమె ల్యాబు. ఓ స్టీలు బల్ల, రెండు పొయ్యిలు, ఓ చిన్న మిక్సరు, వరసగా గాజు బీకర్లు, కలిపే గాజు పుల్లలు, గోడకి థర్మామీటర్లు. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, చేతులు కడగాలి, తలకి టోపీ పెట్టాలి. టీ కప్పుతో ఎవరైనా అటు నడిస్తే, కాన్వెంటు సిస్టరు స్కేలు ఎత్తినట్టు ఆమె కనుబొమ ఎత్తేది. ఇన్ని నియమాలూ పాటించినా లోపలికి రాకూడని మనిషి ఒక్కడున్నాడు. ఆమె మొగుడు.

క్రీమత్త మొగుడు కాబట్టి ఆయన అందరికీ మావయ్య. రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన బండి ఆపితే ప్రయాణికులకి తెలిసేది కాదట. స్టేషను వచ్చిందా లేదా అని లోపల వాదించుకుంటూ కూర్చునేవాళ్లట, దిగాల్సినవాళ్లు దిగకుండా పై ఊరు వెళ్లిపోయేవాళ్లట. ఇదంతా ఆయనే చెప్పుకున్న సంగతి. రిటైరైన కొత్తలో ఆయన సాయం చేస్తానని ల్యాబులోకి వెళ్లి తుమ్మాడు. ఆ తుమ్ముతో ఆయన ల్యాబు జీవితం ముగిసింది. అప్పటినుంచీ ఆయన ఉద్యోగం టీ పెట్టడం. "ఏమోయ్, టీ" అని వంటింట్లోంచి కేకేస్తే, ఆమె టోపీ తీసి వచ్చి అక్కడే కూర్చుని తాగాలి. ఆమె తాగుతున్నంతసేపూ ఆయన పేపరు పట్టుకుని అవతలికి వెళ్లిపోయేవాడు. టీ తాగేటప్పుడు ఆమెకి మాటలు గిట్టవు.

ముప్పై ఏళ్లు క్రీమత్త చేసిన క్రీములన్నీ వేరేవాళ్ల పేర్లతోనే బజార్లోకి వెళ్లాయి. ఆమె బీకరులో మచ్చు తయారు చేస్తుంది. చేసే పద్ధతి కాగితం మీద రాసి ఊరి చివరి ఫ్యాక్టరీకి ఇస్తుంది. ఎవరికి కావాలంటే వాళ్ల పేరుమీద సరుకు చేసిపెట్టడమే ఆ ఫ్యాక్టరీ పని. వాళ్లు ట్యాంకులో వండి, డబ్బాల్లో నింపి, ఆ అడిగినవాళ్ల లేబులు అంటిస్తారు. అరవై దాటాక ఆమెకి ఒక్క కోరిక పుట్టింది. ఒక్కటంటే ఒక్క క్రీము, తన పేరుతో. పగిలిన చేతులకి, మడమలకి, అంట్లు తోమేవాళ్లకి, సిమెంటు పనివాళ్లకి. లేబుళ్లు కూడా వచ్చేశాయి. "క్రీమత్త" అని పచ్చటి అక్షరాలు. మావయ్య ఒకటి తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించి, వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లు ఇచ్చే నెపంతో చూపించాడు.

ఫ్యాక్టరీ యజమానిని ఆమె తమ్ముడనే పిలిచేది. తోడబుట్టినవాడు కాడు గాని, అంతకన్నా ఎక్కువ పోట్లాడుకునేవాళ్లు. అతని దగ్గర ఓ చిన్న ట్యాంకు ఉంది. పనివాళ్లు దాన్ని చిన్నమ్మి అంటారు. క్రీమత్త క్రీములన్నీ చిన్నమ్మి కడుపున పుట్టినవే. ఇప్పుడు చిన్నమ్మిని తీసేసి ఆ చోట పెద్ద మిషను పెడుతున్నారు. అది వచ్చాక చిన్న చిన్న వంటలు ఉండవు, లారీలకి లారీలు చేయించుకునేవాళ్లదే రాజ్యం. "అక్కా, ఈ నెలాఖరులోపు నీ సొంత క్రీము చేసేద్దాం, తర్వాత నా చేతిలో ఉండదు" అన్నాడు తమ్ముడు.

చేశారు. మర్నాడు చూస్తే క్రీము పూస కట్టింది.

పైకి వెన్నలా నున్నగా ఉంది. రాసుకుంటే మాత్రం వేళ్ల కింద సన్నటి ఇసక పలుకులు. చర్మం వేడికి కరిగిపోతాయి గాని, రాసుకోగానే ఇసక తగిలిన క్రీము రెండోసారి ఎవరు కొంటారు? రెండోసారి వండారు. మళ్లీ పూసే.

"నీ ట్యాంకుకి వయసైపోయింది" అంది క్రీమత్త ఫోనులో.

"నా ట్యాంకు నీకన్నా చిన్నదక్కా."

"థర్మామీటరు తప్పు చూపిస్తోందేమో."

"మూడు పెట్టి చూశా. మూడూ ఒకటే చెప్పాయి. మూడూ కూడబలుక్కున్నాయంటావా?"

"నీళ్లు?"

"నువ్వు వాడమన్న నీళ్లే. పోనీ నీ కాగితమే తప్పేమో అనుకోవచ్చుగా ఒక్కసారి?"

"నా కాగితమా!" అని ఆమె ఫోను పెట్టేసింది. పెట్టేసి మళ్లీ తనే చేసింది. "ఫోను పెట్టేశా గాని కోపంతో కాదు. ఆ నూనె డబ్బాలోంచి, ఆ మైనంలోంచి, ఆ షియా బటరు బస్తాలోంచి తలా కాస్త నాకు పంపు. నీ సరుకుతోనే నా బీకరులో చేసి చూపిస్తా. నున్నగా వస్తే తప్పు నీ చిన్నమ్మిది."

షియా బటరంటే గింజల్లోంచి తీసే కొవ్వు, వెన్నలా ఉంటుంది. పగిలిన చేతికి అది చేసే మేలు ఇంకేదీ చెయ్యదు. బుద్ధి మాత్రం మొండిది. చల్లారేటప్పుడు తనకి నచ్చకపోతే పలుకులుగా బిగుసుకుపోతుంది. ఖరీదని వేరేవాళ్లు తమ క్రీముల్లో దీన్ని వేయించలేదు గాని, ఈ సంగతి క్రీమత్తకి తెలియనిది కాదు. కానీ ఇంట్లో ఎన్ని మచ్చులు చేసినా ఒక్కసారి కూడా పూస కట్టలేదు. అందుకే ఆమె కాగితంలో ధీమాగా రాసింది: కాస్త గోరువెచ్చన అయ్యాక మిక్సరు ఆపెయ్యాలి, ఎక్కువ తిప్పితే క్రీము పలచబడుతుంది, ఇక దానంతట దాన్ని చల్లారనివ్వాలి.

సరుకు వచ్చేనాటికి మావయ్య ఊళ్లో లేడు. వాళ్ల చెల్లెలు కొత్తిల్లు కట్టుకుంటోంది, కుళాయిలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి వెళ్లాడు. అడక్కుండానే వెళ్లాడు. క్రీమత్తకి ఇల్లు హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. టోపీ పెట్టుకుంది. తూచింది, కరిగించింది, కలిపింది, తిప్పింది. గోరువెచ్చన అవగానే ఆపింది. వంటింట్లోకి వెళ్లి తనే టీ పెట్టుకుంది, పంచదార వెయ్యడం మరిచిపోయింది, అయినా తాగింది. క్రీము చల్లారి కుదురుకునేదాకా ఆగి, కళ్లు మూసుకుని ముంజేతికి రాసుకుంది.

ఇసక.

ఇంకో బీకరు. మళ్లీ ఇసక. పాత డబ్బాలోంచి తన సొంత బటరు తీసి చేసింది. అదీ ఇసకే.

ఆమె స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. వీధిలో కుక్కలు యథేచ్ఛగా మొరిగాయి. చాలాసేపటికి తమ్ముడికి ఫోను చేసింది.

"తప్పు నీ ట్యాంకుది కాదు తమ్ముడూ. నాదే. నా చెయ్యి పోయింది."

అవతల తమ్ముడు గెలిచినట్టు నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. "లేబుళ్లు దాచిపెట్టు, తర్వాత చూద్దాం" అని కూడా అనలేదు. స్కూటరేసుకుని వచ్చేశాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని, క్షమించరాని పాపం చేసినవాడిలా మెల్లగా లోపలికి వచ్చాడు.

"చేతులు పోవడానికి అవేమన్నా గొడుగులా అక్కా? ఏదో మారింది. ఏం మారిందో చెప్పు. బీకరు?"

"అదే."

"పొయ్యి?"

"అదే."

"ఎండా, చలీ?"

"మొన్న ఎంతో ఈరోజూ అంతే. ఏమీ మార్లేదురా. ఇల్లు ప్రశాంతంగా ఉంది, అంతే. మీ బావ లేడుగా. టీ కూడా నేనే పెట్టుకున్నా."

తమ్ముడు చేతిలోకి తీసుకున్న బీకరు బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు. "రోజూ బావగారు పెడతారా టీ?"

"ఆయనకి వేరే పనేముంది?"

"ఎప్పుడు పెడతారు?"

"నేను మిక్సరు ఆపగానే. ఆ చప్పుడు ఆగిందంటే ఆయన పాలు పొయ్యి మీద పెడతాడు."

"నువ్వు తాగుతుంటే ఆయనెక్కడుంటారు?"

"పేపరు చదువుకుంటూ..." అని క్రీమత్త ఆగిపోయింది. ఆమె కనుబొమ నెమ్మదిగా పైకి లేచింది. వంటింట్లో ఆమె కూర్చునే కుర్చీ ల్యాబుకి వీపు పెట్టి ఉంటుంది. ఆ కుర్చీ అలా తిప్పి వేసింది మావయ్యే. వెలుతురు బాగా పడుతుందని చెప్పి.

ఫోను స్పీకరులో పెట్టి తమ్ముడే మాట్లాడాడు. "బావగారూ, ఒక్క మాట. మీరెప్పుడైనా అక్క బీకరు ముట్టుకున్నారా?"

అవతల సుత్తి చప్పుడు, నీళ్ల చప్పుడు.

"బామ్మర్దీ, ఇక్కడ సిగ్నలు సరిగా లేదు."

"సిగ్నలు చూసి బండి ఆపడం మీకు అలవాటేగా, ఆగండి. అక్క తిట్టదు."

"పక్కనే ఉందా?"

"ఉన్నా" అంది క్రీమత్త.

"అయితే తిడుతుంది" అన్నాడు మావయ్య. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "నువ్వు అంత కష్టపడి తిప్పి తిప్పి, ఒక్కసారిగా ఆపేసి వచ్చేస్తావు. అది అలా దిక్కులేనిదానిలా చల్లారిపోతుంటే నాకు చూడబుద్ధి కాలేదోయ్. నడిచే బండిని ఎవరైనా అలా వదిలేస్తారా? చేతులు కడుక్కునే ముట్టుకున్నా. టోపీ కూడా పెట్టుకున్నా. ఆ గాజు పుల్లతోనే, మెల్లగా, గట్టిపడేదాకా. ఒక్కసారి కూడా తుమ్మలేదు, ఒట్టు."

"ఎన్నాళ్లనుంచి?"

"రిటైరైన దగ్గర్నుంచి."

క్రీమత్తకి తిట్టు నోటిదాకా వచ్చింది. దానికన్నా ముందు నవ్వు వచ్చింది, నవ్వుతోపాటు ముక్కులో మంట వచ్చింది. తన చెయ్యి పోలేదు. ఆ చెయ్యి చెల్లెలింట్లో కుళాయిలు బిగిస్తోంది.

"మొదటి బస్సుకి రండి" అంది.

వచ్చాడు. రాగానే ల్యాబులో చేసి చూపించమన్నారు. ఇద్దరూ చేతులు కట్టుకుని చూస్తుంటే పాపం ఆయన పుల్లని రెండుసార్లు బీకరు అంచుకి తగిలించాడు. దొంగతనంగా చేసిన పని దొరలా చెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాసేపటికి కుదురుకున్నాడు. మొదట కాస్త చురుగ్గా తిప్పాడు. క్రీము చిక్కబడుతున్నకొద్దీ చెయ్యి నెమ్మదించింది. చివర్లో పుల్ల కదులుతోందో లేదో తెలియనంత నెమ్మది. ఎప్పుడు ఆగిందో తమ్ముడు గాని, క్రీమత్త గాని చెప్పలేకపోయారు. దిగాల్సిన ప్రయాణికులు దిగకుండా పై ఊరు వెళ్లిపోయారన్న కథని క్రీమత్త ఆ రోజు మొదటిసారి నమ్మింది. చల్లారిన క్రీములో ఒక్క పలుకు లేదు.

మర్నాడు చిన్నమ్మికి ఆఖరి వంట. ఒంటినిండా తెల్ల గౌను, తలకి టోపీ, గడ్డానికి కూడా ఓ వల తగిలించి మావయ్యని ట్యాంకు పక్కన నిలబెట్టారు. చిన్నమ్మికి రెండు చేతులు. ఒకటి గిర్రున తిరిగి నూనెనీ నీళ్లనీ కలిపేది, ఇంకోటి ట్యాంకు గోడలు గీకుతూ మెల్లగా తిరిగే పెద్ద తెడ్డు. గోరువెచ్చన అయ్యాక మొదటిది ఆపి, తెడ్డుని మాత్రం తిరగనిచ్చారు. మావయ్య గాలిలో చెయ్యి తిప్పుతుంటే, అది చూస్తూ తమ్ముడు తెడ్డు వేగం తగ్గిస్తూ వచ్చాడు.

"ఇంకా తగ్గించాలా బావగారూ?"

"ఔటర్ సిగ్నలు దాటాం. తగ్గించు."

"ఇప్పుడు?"

"ప్లాట్‌ఫారం కనపడుతోంది. హడావుడి పడకు."

పనివాళ్లు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు. క్రీమత్త మాత్రం నవ్వలేదు. ట్యాంకు అద్దంలోంచి తెల్లగా, బద్ధకంగా మడతలు పడుతున్న క్రీముని చూస్తూ నిలబడింది.

మర్నాడు మూత తీశారు. ఆమె కళ్లు మూసుకుంది. ముంజేతికి రాసుకుంది. వీధిలో కుక్కల సంగతి తెలియదు గాని, ఫ్యాక్టరీలో మాత్రం ఒక్కడూ దగ్గలేదు. రాసుకుంటూనే ఆమె మావయ్య చెయ్యి లాగి, ఇంజను మసితో ఏళ్లకేళ్లు గరుకెక్కిన ఆ అరచేతికి కూడా రాసింది. కళ్లు తెరవకుండానే, "డబ్బాల్లో నింపండి" అంది.

పచ్చటి అక్షరాల డబ్బాలు బజారుకి వెళ్లాయి. చిన్నమ్మిని తీసెయ్యడానికి తమ్ముడికి మనసొప్పలేదు. పెద్ద మిషను పక్కనే కాస్త ఇరుకు చేసి ఉంచాడు. పద్ధతి రాసే కాగితంలో ఒక మెట్టు పెరిగింది. "గట్టిపడేదాకా మెల్లగా కలుపుతూ ఉండాలి" అని క్రీమత్త రాస్తే, దాని కింద తమ్ముడు "అక్క చూడకుండా" అని చేర్చాడు. ఆమె దాన్ని కొట్టెయ్యలేదు.

మావయ్యకి ల్యాబులోకి అధికారికంగా అనుమతి వచ్చింది. గుమ్మం దగ్గర ఆయన టోపీకి ఓ మేకు కూడా కొట్టారు. చిత్రమేమిటంటే, అనుమతి వచ్చాక ఆయన అటువైపు రావడం మానేశాడు. పిలిస్తే నడుం నొప్పి అన్నాడు. పేపరులో ముఖ్యమైన వార్త ఉందన్నాడు. వారం చూసింది క్రీమత్త. తర్వాత ఒకరోజు మిక్సరు ఆపి, "టీ ఏమైంది?" అని తనే కేకేసింది. వంటింట్లోకి వచ్చి, ల్యాబుకి వీపు పెట్టి ఉన్న ఆ కుర్చీలోనే కూర్చుంది. కప్పు చేతిలోకి తీసుకుంది. పేపరు మడత విప్పిన చప్పుడు, అడుగులు మెల్లగా దూరమైన చప్పుడు, కుళాయి కింద చేతులు కడుగుతున్న చప్పుడు, తర్వాత గాజు మీద గాజు తగిలీ తగలనట్టున్న చిన్న చప్పుడు.

ఆమె తిరిగి చూడలేదు. టీ చల్లారిపోయేదాకా నిదానంగా తాగింది.