ఎదురు గుమ్మం ముందు స్కూటర్

జపాన్‌లోని యొకోతె ఊళ్ళో ఆ వీధివాళ్ళు కొట్టు పరువుని ఒక్కదానితోనే కొలుస్తారు. బ్యాంకు కుర్రాడి స్కూటర్ ఎవరి గుమ్మం ముందు ఎంతసేపు ఆగిందన్నదే లెక్క. ఊరి బ్యాంకు మరి. ఎవరి సరుకు ఎక్కడ అమ్ముడుపోతుందో, ఎవరి తర్వాత కొట్టు ఎవరు చూసుకుంటారో, అదంతా దాని బెంగే.

సదాయె ముల్లంగికి పొగబెట్టి, తవుడులో ఊరేసి అమ్ముతుంది. మొగుడు పోయినప్పటినుంచీ ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. పొగకి కళ్ళు మండటం ఆమెకి అలవాటే. ఈ ఏడు మాత్రం అవి మండింది పొగకి కాదు. ఎదురుగా కుమగాయ్ అనే ముసలాయనదీ ముల్లంగి ఊరగాయల కొట్టే. బ్యాంకు కుర్రాడు నగుమో ఈమె దగ్గర నిలబడే టీ తాగేసి, అక్కడ మాత్రం బూట్లు విప్పి గంటలకొద్దీ కూర్చుంటున్నాడు.

"ఏం బాబూ, మా టీ చేదుగా ఉంటోందా?"

"అయ్యో, అదేం లేదమ్మగారూ. ఆయనతో కాస్త పనుంది."

"మాతో ఎందుకుంటుందిలే పని."

మర్నాడే ఖరీదైన టీపొడి కొంది. కొత్త దిండు కుట్టించింది. అయినా ఆ బూట్లు ఎదురింటి మెట్టు మీదే కనిపించాయి. ముసలాయన గుమ్మంలోంచి వంగి నమస్కారం పెడితే, చూడనట్టు చీపురు అందుకుంది. చేపల కొట్టు మిచియోతో అక్కసంతా వెళ్ళగక్కింది.

"చూస్తూండు, ఆయనకి సెందాయ్ పట్నంలో పెద్ద కొట్టు పెట్టిస్తారు. మనం ఇక్కడ పొగ మింగుతూ కూర్చోవడమే."

"నీకు నిద్ర పడుతోందా అసలు?" అని నవ్వింది మిచియో.

పడటం లేదు.

మంచు మొదలయ్యే ముందు ఒకరోజు నగుమో ఆమె ఇంట్లోనే బూట్లు విప్పాడు. కొత్త దిండు మీద కూర్చున్నాడు.

"కుమగాయ్‌గారు కొట్టు మూసేస్తున్నారమ్మగారూ. కొత్త రూల్స్ ప్రకారం ఊరగాయలకి వేరే గది కట్టాలి కదా, ఈ వయసులో నా వల్ల కాదంటున్నారు. మానొద్దని ఇన్నాళ్ళూ బతిమాలాను. వినలేదు. తన పొగగదీ, వాడుకగా కొనేవాళ్ళూ మీకే రావాలంటున్నారు."

"నాకెందుకు?"

"పొగ ఎప్పుడు ఆపాలో ఆవిడకే తెలుసన్నారు. మీ పొగ వాసన వచ్చినప్పుడల్లా కుళ్ళుకునేవారట."

సదాయెకి ఆ ముసలాయన మీద ఈ ఏడంతా పెంచుకున్న కడుపుమంటని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి సరేనంది.

కుమగాయ్ కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి వారం నగుమో కాగితాలు పట్టుకొచ్చి గంటకి పైగా కూర్చున్నాడు. వీధికి కనబడాలని సదాయె గుమ్మానికున్న తెర పక్కకి లాగింది. బయట తన గుమ్మం ముందే స్కూటర్ ఉంది. అలవాటుగా ఎదురు గుమ్మం వైపు చూసింది. షట్టర్ దించి ఉంది.

"ఇంకో కప్పు తాగు బాబూ" అంది, తెర మళ్ళీ వేసేస్తూ.