తుప్పు పడనివ్వని చెయ్యి

అంకారావు బోటు ఇంజిన్ల మెకానిక్. ఇల్లు రేపల్లెలో, పని నిజాంపట్నం రేవులో. ముప్పై ఏళ్లుగా అంతే. ఆ ఉప్పుగాలికి ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అందుకే పని ముగిశాక, బయటికి కనిపించే ఇనుమునల్లా నూనె గుడ్డతో తుడిచి గాని ఆయన లేవడు. ఆ గుడ్డ ఎప్పుడూ నడుముకే ఉంటుంది.

పోయిన ఏడాది పాత జర్మన్ కారు ఒకటి కొన్నాడు. టర్బో ఇంజిను. దాన్ని అమ్మినవాడు ఇంజిను బలం పెంచాడు, బ్రేకుల్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ సంగతి బాపట్ల రైల్వే గేటు దగ్గర తెలిసింది. గేటు దిగుతోంది. అంకారావు తొక్కాడు. కారు ఆగీ ఆగనట్టు జారుకుంటూ పోయి, గేటు కర్రకు జానెడు దూరంలో నిలిచింది. పక్కన కూర్చున్న భార్య గంగాదేవి దిగి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

"వచ్చే ఆదివారం మళ్లీ ఎక్కుతా," అంది ఆ సాయంత్రం. "అదే గేటు దగ్గర ఆపి చూపించు. ఆగలేదా, పొన్నూరు మిల్లాయన కారు అడుగుతున్నాడుగా, ఇచ్చెయ్."

కంపెనీ వాళ్ల పెద్ద బ్రేకులు అంకారావు తాహతుకు మించినవి. తెనాలి పాత సామాన్ల కొట్టులో, అదే కంపెనీ పెద్ద కారువి, చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో నొక్కి ఆపే కాలిపర్లు దొరికాయి. శుభ్రం చేసి కొత్త రబ్బర్లు వేశాడు. డిస్కులు, ప్యాడ్లు మాత్రం కొత్తవే కొన్నాడు. ఎవరి చేతా పెట్టించలేదు. నాలుగు సాయంత్రాలు తనే కూర్చుని బిగించాడు.

నడిపి చూస్తే పాత బ్రేకులే నయమనిపించింది.

గాలి చేరిందనుకున్నాడు. చక్రాలు విప్పి గాలి తీశాడు. అయినా అంతే. బ్రేక్ ఆయిల్ మార్చాడు. ఇంకా అన్యాయం. మళ్లీ విప్పాడు. పాత సామాన్లవాణ్ణి తిట్టాడు, కాలిపర్లను తిట్టాడు, అన్నం దగ్గర గంగాదేవి మీద విసుక్కున్నాడు. విప్పినకొద్దీ కారు మరింత మొండికేసింది.

శనివారం, సెకండ్ గేరు దాటకుండా, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యేసుకుని తెనాలి చేరాడు. అక్కడ బర్నబాస్‌కు కార్ల షెడ్డు ఉంది. పాత స్నేహితుడు.

"ఏంటన్నా, బోటుకి బ్రేకులుండవని దీనికీ పీకేశావా?"

"ఎగతాళి తర్వాత. ముందు చక్రం విప్పు."

బర్నబాస్ విప్పాడు. డిస్కు మీద వేలితో రాసి, బొటనవేలితో నలిపి, వాసన చూశాడు.

"నూనె ఇది. బ్రేక్ ఆయిల్ కూడా కాదు. ఇంజిన్ ఆయిల్. ఇక్కడికెట్టా వచ్చింది?"

"నాకేం తెలుసు? ఆ కొట్టువాడు ఏం అంటగట్టాడో!"

బర్నబాస్ అంకారావు చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి నడుముకున్న గుడ్డ తీసి, విప్పిన చక్రం బోల్టుల్ని ఒక్కొక్కటే తుడుస్తోంది. అంకారావు కూడా అప్పుడే చూశాడు. చెయ్యి ఆగిపోయింది.

"డిస్కుల్నీ ఇట్టాగే తుడిచావా? ఎన్నిసార్లన్నా?"

"విప్పినప్పుడల్లా."

"డిస్కులు కడిగితే చాలు. ప్యాడ్లు నూనె తాగేశాయి, పారెయ్యాల్సిందే. కొత్తవి విజయవాడ నుంచి బుధవారానికి గాని రావు."

వచ్చినట్టే మెల్లగా ఇంటికొచ్చాక గంగాదేవికి చెప్పాడు. "కారుది కాదే తప్పు. నా చేతిది."

"అయితే ఆ చేతినే ఇద్దామా పొన్నూరాయనకి?"

ఆయన నవ్వలేదు. ఆమే మళ్లీ అంది. "సరే. గురువారం ఎక్కుతా. ఆ తర్వాత నన్నడక్కు."

బుధవారం సాయంత్రం డిస్కులు కడిగి, కొత్త ప్యాడ్లు బిగిస్తున్నంతసేపూ గంగాదేవి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నూనె గుడ్డ ఆమె ఒళ్లో ఉంది.

"ఇటివ్వవే. బోల్టులకి మాత్రమే."

"ఇవ్వను."

పొద్దున లేచి చూస్తే, చక్రాల సందుల్లోంచి డిస్కుల మీద ఎర్రటి పొర. ముప్పై ఏళ్లు ఏ ఇనుము మీదా ఉండనివ్వనిది. బర్నబాస్‌కు ఫోన్ చేశాడు.

"నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే పోతుంది. ముట్టుకోకన్నా, నీకు పుణ్యముంటుంది."

ముట్టుకోలేదు. బయల్దేరేదాకా అటు చూడలేదు కూడా. గంగాదేవి ఎక్కి కూర్చుంది. బస్సు చార్జీ కొంగున ముడేసుకునే వచ్చింది.

బాపట్లలో గేటు దిగుతోంది. అంకారావు తొక్కాడు. కారు ముక్కు వంచి, గేటుకు పదడుగుల ముందే నిలబడిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి తిట్టాడు.

అంకారావు దిగి, ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. డిస్కు తెల్లగా మెరుస్తోంది. సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది. చెయ్యి నడుము దగ్గర వెతుక్కుంది. అక్కడ గుడ్డ లేదు.

"గేటు లేచిందయ్యా, ఎక్కు," అంది గంగాదేవి లోపలి నుంచి.