సూది లేని మీటరు

మా కఫీల్ చస్తే మా గతేమిటన్నది నాకు చాలా ఏళ్లుగా ఉన్న భయం. అది ప్రేమతో పుట్టిన భయం కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. ఈ అరబ్బు దేశంలో, సులై అనే పేటలో మా గ్యారేజీ పక్క షట్టర్ యజమాని గుండె ఆగి పోయాడు. కొడుకులు పంపకాల గొడవలో పడ్డారు. అక్కడ పనిచేసేవాళ్ల ఇకామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, ఒక్కొక్కటే గడువు దాటాయి. పోలీసులు పట్టుకుపోతారని వాళ్లు గది వదిలి బయటికి రాలేదు. బియ్యం, పప్పు సంచిలో వేసి మేమే కిటికీలోంచి అందించేవాళ్లం. పడుచువాళ్లు చివరికి ఎవరో ఒకరి కింద చేరారు. నా ఈడువాడు ఒకడుంటే వాణ్ణి మాత్రం ఎవరూ తీసుకోలేదు. కఫీల్ అంటే జీతమిచ్చేవాడు మాత్రమే కాదు. మా కాగితాలన్నీ వేలాడే కొయ్య.

అందుకే మా కఫీల్ ముసలాయన పాతకాలపు రేసుకారు నకలు ఒకటి పెట్టెల్లో తెప్పించినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఫైబర్ బాడీ ఒక పెట్టెలో, చాసిస్ ఒక పెట్టెలో వచ్చాయి. సీట్లు రెండే, పైకప్పు లేదు. ఇంజన్ మేమే వెతికి ఎక్కించాలి. చిన్నప్పుడు హాయిల్ అనే దూరపు ఊళ్లో ఎవరి దగ్గరో అలాంటి బండి చూశాడట. చలికాలం రాగానే తానే నడుపుకుంటూ హాయిల్ పోతానన్నాడు.

"నువ్వు పక్కన కూర్చో సదీక్. దారిలో ఏదన్నా అయితే బాగుచేసేవాడు ఉండాలి కదా."

సదీక్ అంటే నేస్తం. ఆయన నాతో మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నేను తెలుగు చేసి రాస్తున్నాను.

కొన్నాళ్లకు బండి నడకకు వచ్చింది. డాష్‌బోర్డు ఇంకా ఉత్త రేకే, మీటర్లకు రంధ్రాలు కూడా కొట్టలేదు. ఆయన ఆగలేక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గల్లీలోకి తీశాడు. ఎదురుగా నీళ్ల ట్యాంకర్ ఒకటి అడ్డంగా ఆగి ఉంది. పట్టపగలు. ఇల్లంత ట్యాంకర్. ఆయన దాని మీదికే పోతున్నాడు. నేను "బాబా, బాబా" అంటూ నా కాలి కింద లేని బ్రేకును తొక్కాను. బండి మూతి ట్యాంకర్ చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

"బ్రేకులు సరిగా లేవు, చూడు" అని దిగిపోయాడు.

చక్రాలు విప్పాను. అంతా సరిగానే ఉంది. బిగించి మళ్లీ విప్పాను. మా పెయింటరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. వాడిది జగిత్యాల దిక్కు. నాకు యాభై దాటాక కారు డోర్ల మీద సుద్దముక్కతో రాసి అక్షరాలు నేర్పింది వాడే.

"కాకా, బ్రేకులు మంచిగనే ఉన్నయ్. ఎన్నిసార్లు ఇప్పుతవ్?"

"మరి ముందే ఎందుకు ఆగలేదురా?"

"ముసలాయన దగ్గరికి వొయ్యేదాంక తొక్కలే. గాయినకు గీ బండి ఒంటె లెక్క. నోటితోని చెప్తె ఆగుతదనుకున్నడు."

మూడోసారి విప్పడానికి పానా అందుకున్నాను.

తర్వాత మీటర్ల ముచ్చట వచ్చింది. అడిగినట్టు చేసిచ్చేవాడొకడు నమూనా ముఖాలు డబ్బాలో పంపాడు. అవి గుండ్రటి రేకులు, మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి. సూదులు, అద్దాలు, మెరిసే రింగులు తర్వాత బిగిస్తాడు. స్పీడు, ఆర్పీఎం, ఆయిలు, ఇంజన్ వేడి, పెట్రోలు. నలుపు మీద తెలుపా, మీగడరంగు మీద ఆకుపచ్చా, మైళ్లా, కిలోమీటర్లా, అరబ్బీ అంకెలా, ఇంగ్లీషు అంకెలా, అంతా మన ఇష్టమే.

ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు. నేను ఒక్కొక్కటి అందిస్తున్నాను. తీసుకుని అంచు మీద బొటనవేలు తిప్పుతాడు, వెలుతురుకు పట్టుకుంటాడు, "జైన్" అంటాడు, బాగుందని. ఇంజన్ వేడి చూపించేది పొరపాటున తలకిందులుగా ఇచ్చాను. చూసుకుని తిప్పేలోపే తీసుకున్నాడు.

"జైన్, జైన్. అంకెలు ముద్దుగా ఉన్నాయి. ఏం రాశాడో నువ్వు చదువు. నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది."

ఆ మాట నాకు బాగా తెలుసు. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఎయిర్‌పోర్టులో ఎవరు కాగితమిచ్చినా నేనూ అట్లాగే వెలుతురుకు పట్టుకునేవాణ్ణి. తల ఊపేవాణ్ణి. కళ్లజోడు గదిలో మరిచానని చెప్పి వాళ్ల చేతనే చదివించుకునేవాణ్ణి. అప్పట్లో నాకు కళ్లజోడే లేదు. ఈయనకు చదువు వచ్చు, పోతున్నవి కళ్లు. ఒంట్లో షుగర్ ఎప్పటినుంచో ఉంది. ఇంటి డ్రైవరు తెచ్చి దింపుతుంటే, డబ్బున్నవాడు తానెందుకు నడుపుతాడులే అనుకునేవాళ్లం.

మధ్యాహ్నం అన్నం దగ్గర పెయింటరుకు చెప్పాను.

"నోరు మూస్కోని ఉండు కాకా. కఫీల్‌ను పట్టుకోని నీకు కండ్లు కనవడ్తలెవ్వంటే ఊకుంటడా? ఎగ్జిట్ కొట్టి ఊరికి తోలుతడు."

"చెప్పకుంటే నన్ను పక్కన కూసోవెట్టుకోని సంపుతడు గదరా."

"కూసోకు. కడుపునొస్తుందని చెప్పు."

"నేను కూసోకుంటే ఆయనొక్కడే పోతడు. ఆయన సత్తె మీరేం జేస్తరు?"

వాడు కలుపుతున్న చేయి ఆపాడు.

ఆ వారమే ముసలాయన కబురు పంపాడు. జుమ్మా నమాజు అయ్యాక పెద్ద రోడ్డు ఎక్కుదాం, బండి సిద్ధం చేయమన్నాడు. పెద్ద రోడ్డంటే ట్రైలర్లు. ట్యాంకర్ ఆగి ఉంది కాబట్టి బతికాం. ట్రైలర్ ఆగదు.

ఆ శుక్రవారం ఆయన వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను ఎక్కలేదు. డబ్బాలోంచి స్పీడు ముఖం తీసి ఆయన ముందు పట్టుకున్నాను.

"బాబా, పోయేముందు ఒక్కమాట. ఇందులో సూది ఎక్కడుంది?"

ఆయన దానివైపు చూశాడు. "సున్నా మీద. బండి ఆగి ఉంది కదా."

"దీనికి సూది లేదు బాబా. ఇది ఉత్త రేకు."

షట్టర్ దగ్గర పెయింటరు తల తిప్పుకున్నాడు. ఇంక ఆగితే చెప్పలేనని మిగతాది కూడా అనేశాను.

"చదువు రాక నేను నలభై ఏళ్లు ఇట్లాగే చెప్పాను బాబా. నన్ను ఎవరూ పట్టుకోలేదు. నా అబద్ధంతో ఎవరూ చావలేదు. ఇది వేరే."

ఆయన స్టీరింగ్ వదిలాడు. తర్వాత డోరు అంచు తడుముకుంటూ దిగాడు.

"రూహ్" అన్నాడు. పో అని.

ఆ తర్వాత ఆయన గ్యారేజీకి రాలేదు. ఫోను మోగితే నా ప్రాణం పోయేది. ఎగ్జిట్ కొడితే ముందు ఫోనుకే మెసేజ్ వస్తుంది. చదువు రానప్పుడు ఈ బాధ లేదు, ఎవడో ఒకడు చదివి చెప్పేదాకా అవి ఉత్త గీతలే. ఇప్పుడు మోగిన ప్రతిసారీ నేనే చూడాలి. రీచార్జి మెసేజ్ వచ్చినా చెమట పట్టేది. పెయింటరు నాతో పరాచికాలు మానేశాడు. టీ తెచ్చి పక్కన పెట్టి పోయేవాడు. అది ఇంకా భయంగా ఉండేది.

చివరికి ఒక సాయంత్రం తెల్ల కారు వచ్చి ఆగింది. నడుపుకుంటూ వచ్చింది ఆయన కూతురు. ముసలాయన పక్క సీటులోంచి దిగాడు. నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఈ బండి నడిపేది ఈమె. మీటర్లు ఈమెకు కనబడేటట్టు పెట్టు."

ఆమె నమూనా ముఖాలన్నీ బానెట్ మీద పరిచింది. తండ్రి మెచ్చుకున్నవి వేరే పెట్టి ఉంటే చూసింది.

"ఇవి ఎవరు ఏరారు?" అని నన్ను అడిగింది.

"బాబా."

"అందంగానే ఉన్నాయి. ఎండలో ఒక్కటీ కనబడదు."

నేను నేల చూశాను. ఆమె నల్లటి ముఖాలు ఏరింది, లావుపాటి తెల్లంకెలు, కిలోమీటర్లు. వేడి, ఆయిలు మీటర్లు స్టీరింగ్‌కు ఎదురుగానే ఉండాలంది. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

"గడియారం మాత్రం నాది" అన్నాడు ముసలాయన. "టిక్కుమని వినబడేది కావాలి."

పాత బండ్లలోంచి తీసిన గడియారాలు మా షెల్ఫులో ఉన్నాయి. బ్యాటరీ తీగలు తగిలించి ఒక్కొక్కటి ఆయన చెవి దగ్గర పట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఒకటి మరీ మెల్లగా ఉందన్నాడు, ఒకటి దగ్గుతోందన్నాడు. నచ్చింది దొరికాక చేత్తో తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత తండ్రీ కూతురూ రేసుబండి ఎక్కారు. ఆమె వెనక్కి చూడకుండా గేరు మార్చి గల్లీ చివరికి దూసుకుపోయింది. నేను షట్టర్ దగ్గరే నిలబడ్డాను. ఇంజన్ మోత పెద్ద రోడ్డు హోరులో కలిసిపోయింది. హారన్ వినబడిన ప్రతిసారీ ఏదో గుద్దుకుందనే అనిపించింది. ఇకామాలన్నీ, మా అందరివీ, ఆ పైకప్పు లేని బండిలోనే పోయినట్టుగా ఉంది.

తిరిగి వచ్చారు. ఆమె ఫోనులో మాట్లాడుతూ పక్కకు పోయింది. ముసలాయన నా భుజం పట్టుకుని దిగాడు. అట్లా పట్టుకోవడం అదే మొదలు.

"ఆ రోజే నిన్ను ఊరికి పంపించేద్దామనుకున్నాను" అన్నాడు.

"తెలుసు బాబా."

"ఇంకా అనుకుంటూనే ఉన్నాను. హాయిల్ పోయొచ్చాక చెబుతా."

ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. వాళ్లు పోయాక పెయింటరు వచ్చి "మజాక్ చేసిండు కాకా, గంతే" అన్నాడు. కావచ్చు. నా ఇకామా గడువు చలికాలంలోనే అయిపోతుంది, పొడిగించాల్సింది ఆయనే. డాష్‌బోర్డు రేకు బల్ల మీద పెట్టి ఆమె ఏరిన మీటర్లకు గుండ్రాలు గీసుకున్నాను. డ్రిల్లు అందుకుని వేడి మీటరుకు మొదటి రంధ్రం కొట్టాను.