లక్ష్మక్కంత పంది

సుంకప్ప బరువును అంకెల్లో చెప్పడు. మనుషుల్లో చెబుతాడు.

"ఈ పంది ఎంత తూగుతాది సుంకప్పా?" అని అడిగితే మణుగులనీ వీశలనీ ఆయన నోట రాదు. "మన తలారి బయ్యన్నంత. కాకపోతే బయ్యన్న తలపాగా తీసెయ్యల్ల" అంటాడు. అదీ లెక్క.

నేను యాడికి అనే ఊరి దగ్గర ఆ పల్లెకు బడి అయివారుగా వెళ్ళింది అరవై అయిదులో. ఊళ్ళో పది పన్నెండు ఇళ్ళవాళ్ళు పందుల్ని పెంచేవారు. పందిని కోసే ముందే దాని మాంసం ఎంత వస్తుందో తెలియాలి. ఎందుకంటే మాంసం ఎన్ని కుప్పలవుతుందో చూసుకుని ముందే పేర్లు ఇచ్చుకుని, ఎవరి కుప్పకు వాళ్ళు పందిగలాయనకు జొన్నలు కొలిచేవారు. బతికున్న పందిని తూచే కాటా ఆ పల్లెలో లేదు. అందుకని సుంకప్పను పిలిచేవారు. ఆయన ముందుకాళ్ళ వెనక రొమ్ము చుట్టూ తాడు వేసి పట్టేవాడు. చెవి దగ్గర్నుంచి తోక మొదలు దాకా ఇంకోసారి పట్టేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని, తలా పేగులూ పోను మిగిలే మాంసం ఎంతో చెప్పడానికి ఓ మనిషి పేరు పలికేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదట.

నేను చూసిన మొదటి పందికి "సుబ్బరత్నమ్మంత" అన్నాడు. సుబ్బరత్నమ్మది ఊళ్ళో ఉన్న ఒకే ఒక అంగడి. మాట చెవిన పడగానే ఆమె చేతిలో బెల్లం దిమ్మెతోనే వచ్చేసింది.

"ఏమప్పా, నేను పందినా?"

"లేదక్కా. పందే నీయంత ఉండాది."

"రెండిటికీ తేడా ఏముండాది?"

సుంకప్ప పందికి మళ్ళీ తాడు వేసి చూశాడు. "నువ్వు పెండ్లికి ముందున్నంత అంటే సరిపోతాదా అక్కా?"

ఆమె ముఖం విప్పారింది. బెల్లం ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఇప్పుడు తగ్గింది పందా, సుబ్బరత్నమ్మా? పెళ్ళికి ముందు ఆమె ఎంత ఉండేదో ఎవర్ని అడగాలి?

ఇంకో చిక్కు, ఆయన దారినపోయే వాళ్ళనందరినీ కింది నుంచి పైదాకా తేరిపార చూసేవాడు. ఆయన ఎదురైతే ఆడవాళ్ళు కొంగు నిండుగా కప్పుకునేవారు. మగవాళ్ళు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేవారు.

కిలోలు వచ్చి మూడేళ్ళు దాటినా ఆ ఊళ్ళో ఇంకా వీశలే నడుస్తున్నాయి. ప్రభుత్వం మా బడికి ఓ తక్కెడ, కిలో రాళ్ళు పంపి, ఊరికి నేర్పమంది. సుంకప్పకు నేర్పితే ఊరికంతా నేర్పినట్టేనని ఆయనతో మొదలుపెట్టాను.

"కిలో అంటే ఏంది అయివారా?"

"వెయ్యి గ్రాములు."

"గ్రామమంటే ఊరే కదా. కిలో వంకాయలు కొనల్లంటే వెయ్యి ఊర్లు తిరగల్లనా?"

ఆ పూటకి పాఠం అయిపోయింది.

శెనిక్కాయల కాలంలో కాయలు కొనే నబీసాబు బండి మీద పెద్ద కాటాతో ఊళ్ళోకి వచ్చాడు. వానలు ఎగ్గొట్టిన రెండో ఏడు అది, ఆయనకు పట్టుమని పది మూటలు కూడా దొరకలేదు. కాటా ఖాళీగా ఉంది కదా, ఓ పందిని ఎక్కిస్తానని అడిగాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

"అది తప్ప ఇంకేమైనా ఎక్కించుకోండి అయివారూ."

"మనుషుల్ని?"

"మనుషులైతే ఊరంతా ఎక్కించుకోండి. ఎవరొద్దన్నారు?"

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మనుషుల్నే తూచి పుస్తకంలో రాసుకున్నాను. బయ్యన్న యాభై ఆరు కిలోలు. సుబ్బరత్నమ్మ, తాళాలగుత్తి పక్కన పెట్టి, డెబ్బై ఒకటి. లక్ష్మక్క అనే సన్నటి మనిషి నలభై ఎనిమిది. ఇక సుంకప్ప పేరు చెబితే చాలు, కిలోలు నేను చెబుతాను.

ఆ ఏడు గంగమ్మ జాతరకు సుంకప్ప తన సొంత పందినే ఇచ్చాడు. సొంత పంది కాబట్టి బరువు పెంచి చెబుతాడని ఊరికి అనుమానం. ఆయన తాడు వేశాడు, కళ్ళు మూసుకున్నాడు.

"లక్ష్మక్కంత."

ఆయన భార్య మారెక్క నెత్తి కొట్టుకుంది. "ఏం మాట్లాడతాండావు? ఏడాదిన్నర ఈ చేతుల్తో గంజి పోసినా దానికి!"

నేను పుస్తకం తెరిచి "నలభై ఎనిమిది" అని గట్టిగా చదివాను. కుప్పకు కిలో చొప్పున నలభై ఎనిమిది పేర్లు రాసుకున్నారు. లక్ష్మక్క పేరు అందులో లేదు. ఆమె భర్త బళ్ళారికి కూలికి పోయి ఆర్నెల్లయింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, కొలవడానికి జొన్నల్లేవు. ఊరికే ఇస్తే ముద్ద సంగటి కూడా ముట్టని మనిషి.

జాతరనాడు బడి తక్కెడతో నేనే తూచాను. నలభై ఎనిమిది కుప్పలూ అయిపోయాయి. చాప మీద ఇంకా మాంసం ఉంది. తూస్తే పన్నెండు కిలోలు.

"సుంకప్ప తప్పినాడు!" అని బయ్యన్న అరిచాడు.

"కాదు, అయివారి పుస్తకమే తప్పు!" అని సుబ్బరత్నమ్మ. "నేను డెబ్బై ఒకటా? అప్పుడే అనుకుంటి."

"కండ్లు పోయినట్టుండాయి. ఇంక తాడు చుట్టి పక్కన పెట్టు సుంకప్పా" అన్నారు ఇంకెవరో.

సుంకప్ప తొణకలేదు. "లక్ష్మక్కను ఎప్పుడు తూసినారు అయివారా?"

"మొన్న శెనిక్కాయలప్పుడు."

"అయ్యో, అదీ సంగతి! నేను చెప్పింది వానలు పడినప్పటి లక్ష్మక్కను. మీరు ఊరికి కొత్త, ఆయమ్మను అప్పుడు చూడల్యా. ఈ రెండేండ్లలో ఎంత తగ్గిందో, ఈడ మిగిలింది అంత."

మొత్తం మాంసం అరవైలోంచి నలభై ఎనిమిది తీసేశాను. పన్నెండు. బయ్యన్న వేళ్ళు లెక్కపెట్టుకుని, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"అయితే ఈ పన్నెండూ ఎవరివప్పా?"

"అదేం మాట? లక్ష్మక్కవే. ఆయమ్మ ఒంట్లోంచి పోయిన బరువు ఇది. ఇంకొకరి బరువు నా ఇంట్లో పెట్టుకుంటే దొంగతనం కాదా?"

ఈ లెక్కలో ఎక్కడో తప్పుందని అందరికీ తెలుస్తోంది. ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టలేదు. నాకంటే ముందు మారెక్కకు అర్థమైనట్టుంది. వెళ్ళి గంప తెచ్చి మాంసం అందులోకి ఎత్తింది.

లక్ష్మక్క వచ్చి గంప వంక చూసి వెనక్కి జరిగింది. "ఊరికే ఇస్తే నాకొద్దు."

"ఊరికే యాడ ఇస్తాండాము? నీ బరువు నీకు వాపసు. అయివారిని అడుగు" అన్నాడు సుంకప్ప.

ఆమె నావైపు తిరిగింది. ఊరంతా నావైపు తిరిగింది.

"లెక్క సరిగ్గానే ఉందమ్మా, నీవే" అన్నాను. నా ఉద్యోగం మొత్తంలో తప్పుడు లెక్కకు నేను ఒప్పు పెట్టింది ఆ ఒక్కసారే.

ఆమె గంప నెత్తికెత్తుకుంది. ఆ తర్వాత సుంకప్ప మీద విరుచుకుపడింది. "నా బరువు ఊరంతా చాటుతావా? నీ నోట్లో మన్ను పడ!" అని తిడుతూనే ఇంటిదారి పట్టింది.

"కావాలనే చేసినావు కదా సుంకప్పా?" అన్నాను.

"నాకు కిలోలు తెలీవు అయివారా."

"మరి అందర్నీ అట్లా తేరిపార చూస్తా తిరుగుతావెందుకు?"

"కరువులో ఎవురూ నోటితో చెప్పరు కదప్పా" అన్నాడాయన, తాడు చుట్టుకుంటూ.

లక్ష్మక్క వీధి మలుపు తిరిగిపోయింది. తిట్లు మాత్రం స్పష్టంగా వినబడుతూనే ఉన్నాయి. సుంకప్ప అటువైపు చెవి పెట్టి, ముఖం నిండా నవ్వాడు.

"గొంతు రవ్వంత కూడా తగ్గల్యా అయివారా!"