జర్మనీ దొరల పంపకాలు

మన చేను ఇంకా ఎందుకు పంచలేదంటివి కదమ్మా, చెప్తా. రెండువేల ఎనిమిదిలో ఒమన్‌లో ఇంటిపని చేస్తాంటి. సమాయిల్ అనే ఊరి నుంచి పోయే బస్సులో ఒక జర్మనీ ముసలామె పక్కన కూర్చునింది. మాకిద్దరికీ అరబ్బీ అంతంతమాత్రమే, దాంతోనే మాట్లాడుకుంటిమి.

"నీ చేతిలో ఏం కాగితాలవి?" అనింది.

"కొడుకులిద్దరికీ చేను పంచేవి. సంతకం పెట్టి పంపాల."

ఆమె నవ్వింది. "మా దేశంలో వెనకటికి ఒక్కో సీమను ఏలే దొరలూ తరతరానికీ కొడుకులందరికీ పంచినారు. పంచి పంచి, ఒక దొర కోడి కూస్తే ఇంకో దొర నిద్రలేచేంత చిన్నదైపోయింది సీమ. అప్పుడు బుద్ధొచ్చి, ఉండేదంతా పెద్దోనికే ఇచ్చేది పెట్టినారు."

పెద్దోనికే ఇచ్చేదానికి నాకు మనసు రాలేదు. కాగితాలు మాత్రం సంతకం పెట్టకుండా మడిచి పెట్టేస్తి. మీ నాయనా పెదనాయనా ఇప్పటికీ కలిసే సేద్యం చేస్తాండారు, మీ హాస్టలుకొచ్చే శెనక్కాయలు ఆ చేనివే.

ఆ దొరల చిన్న కొడుకులు మరి ఏం తిని బతికినారో అడుగుదామనుకునేలోపల ఆమె దిగిపాయ.