మూడు జానల వంతెన

మా సిరొంచ బాలవాడి పంతులమ్మ, మేమంతా బాయి అని పిలిచే ఆమె, పోయిందని మొన్న మా చెల్లె ఫోన్ చేసి చెప్పింది. ఏడుపొచ్చిన మాట నిజమే. కాసేపటికే నవ్వు కూడా వచ్చింది. ఆమెను తలుచుకుని నవ్వకుండా ఉండటం మా ఈడు వాళ్లెవరికీ చేతకాదు.

ఎనభైల్లో మాకు నాలుగైదేళ్లుంటాయి. బాలవాడిలో మా ఆటవస్తువులంటే అల్లపల్లి అడవి టేకు చెక్క ముక్కలే. వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర మిగిలినవి బాయి అడిగి తెచ్చి, పేళ్లు గుచ్చుకోకుండా తానే కూర్చుని రుద్దేది. పలక పట్టమనేది కాదు. గోడ కట్టండి, ఎడ్ల కొట్టం కట్టండి అనేది. కూలిపోతే అందరికంటే ముందు ఆమే చప్పట్లు కొట్టేది. "కూలిందా? మంచిగైంది! ఎందుకు కూలిందో చూద్దాం పాండ్రి" అనేది. ముక్క కావాలంటే పొడుగుదో పొట్టిదో నోటితో చెప్పాలి. వేలు చూపిస్తే ఇవ్వదు గాక ఇవ్వదు! జింగనూర్ వైపు నుంచి గోండు పిల్లలొస్తే, పెద్ద, చిన్న అనే మాటల్ని వాళ్ల భాషలో ముందు తాను నేర్చుకునేది.

ఇదంతా మా బాపుకు గిట్టలేదు. వరి కోతలప్పుడు ఒకరోజు విసవిసా వచ్చాడు.

"ఎప్పుడు చూసినా ఆటలేనా బాయీ? గవైతే పొలంకాడ గూడ ఆడుతది. దీని తమ్మున్ని, చిన్నోన్ని చూసుకునెటోళ్లు లేరు. రేపటి సంది దీన్ని పంపియ్య."

అప్పుడే ఇసుకలో మా ఊరి నది ప్రాణహితను గీసి, మేమంతా దానిమీద వంతెన కడుతున్నాం.

బాయి వాదించలేదు. "తీస్కపో తమ్మీ. గని మా వంతెనకు దూలం కుదురుతలేదు, జర చూసిపో."

బాపు వంగి, మా నదిని జానతో కొలిచాడు. "మూడు జానల కట్టె తే బిడ్డా" అన్నాడు నాతో. నేను పరుగెత్తి, కొలిచి మరీ తెచ్చాను. పెడితే నది సగంలోనే పడిపోయింది.

"మూడంటే గిదేంది? ఇన్ని దినాలు ఏం నేర్చినవే?"

"మూడే బాపూ!" ఉక్రోషంతో బాపు ముందే మళ్లీ కొలిచాను.

బాపు నా చేతిని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. ఇక ఆగలేదు, పడీపడీ నవ్వాడు.

"బిడ్డ లెక్క తప్పలే తమ్మీ, నీ చెయ్యే పెద్దగైంది" అంది బాయి.

"మరి నీ చేతితోని ఎన్ని గావాలెనే?" అన్నాడు బాపు. నేను నది మీద జానలు వేసి, "ఆరు!" అని అరిచాను. ఆరు జానల కట్టె తెచ్చి పెడితే వంతెన నిలిచింది.

"చిన్నోన్ని ఎట్లనో మా అమ్మకు అప్పజెప్త తియ్యి. ఇది రేపు గూడ వస్తది" అన్నాడు బాపు, నా వైపు చూడకుండానే. నేను ఎగిరి గంతేశాను.

మేం బాపును వెంటనే పోనిస్తే కదా! కొడవలి పట్టి కాయలు కాసిన చేతిని చాచి బాపు నేలమీద కూర్చున్నాడు. పిల్లలు వరస కట్టి ఒక్కొక్కరే దానిమీద తమ చేయి ఆనించి చూసుకుంటున్నారు. వరస చివర, కొంగు నడుముకు చెక్కుకుని, బాయి కూడా తన వంతు కోసం నిలబడి ఉంది.