సబ్‌వూఫర్ వినడానికి కడప దాకా

మా ఆయన నలభై ఏళ్లు కర్నూలులో మా వీధి భజన బృందానికి మృదంగం వాయించారు. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం పాట మధ్యలో ఆపేసి లేచి వచ్చారు. తాళం వినపడక తప్పులు పడుతున్నాయట. మృదంగాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టించారు. మృదంగంలో లోతుగా మోగే ఎడమ వైపును తొప్పి అంటారు, వాయించే ముందు దాని మీద తడిపిన రవ్వ ముద్ద అద్దాలి. అప్పటి నుంచి మా ఇంట్లో రవ్వ ఉప్మాకు తప్ప వాడలేదు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, సన్నని శబ్దాలు దాదాపు పోయాయని, లోతైన శబ్దాలు ఇంకా కొంత మిగిలాయని కాగితం మీద గీత గీసి చూపించారు. చెవి మిషను మాటలకు పనికొస్తోంది కానీ, పాట పెడితే రేకు డబ్బా మోగినట్లుందని ఆయన తీసేస్తారు. నేను లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని. ఆ గీత చూసినప్పటి నుంచి, మిగిలిన ఆ లోతు శబ్దాలనే బాగా పలికించే పెట్టె ఉంటే ఆయన మళ్లీ పాట దగ్గర కూర్చుంటారా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. అలాంటి పెట్టెను సబ్‌వూఫర్ అంటారని మా మనవరాలు చెప్పింది.

ముందు కర్నూలులోనే ఒక షోరూములో విన్నాం. పెద్ద షాపు కదా అని ఆయనకు ఇస్త్రీ చొక్కా, బూట్లు, మేజోళ్లు వేయించి తీసుకెళ్లాను. మెత్తని సోఫా, పాదం దిగబడే తివాచీ, భుజాలెత్తు స్పీకర్లు. జత ఆరు లక్షల నలభై వేలు. పాడేవారు ఊపిరి తీసుకోవడం కూడా నాకు తెలిసింది. ఆయన పావుగంట ఓపిక పట్టి, "ఇంట్లో టీవీకి, దీనికి నాకేం తేడా తెలీలే. పోదాం పా" అన్నారు. సబ్‌వూఫర్లు రకరకాలు వినాలంటే కడపలో ఓబులేసు గారి దగ్గరికి వెళ్లమని, ఆయన ఇంట్లోనే వినిపించే గది కట్టుకున్నారని షోరూము అమ్మాయి చెప్పింది. ఫోను చేస్తే శుక్రవారం పదిన్నరకు రమ్మన్నారు. వినడానికి డబ్బు తీసుకోరు, పూట మొత్తం మనకే ఇస్తారు. మా ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. అక్కడా ఏమీ తెలియకపోతే మృదంగాన్ని భజన బృందానికి ఇచ్చేయాలి, నేను మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

కర్నూలు నుంచి కడపకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. బస్సులో అయితే దాదాపు ఐదు గంటలు. ఆయన మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని కారు మాట్లాడాను, రానూ పోనూ ఆరు వేలు, టోల్ మనదే. డ్రైవరు మస్తాన్ మా పేట వాడే. ఉదయం ఐదున్నరకు వచ్చి, ఆయన కాళ్ల వైపు చూశాడు.

"తాతకు బూట్లేసి యాడికి తోల్కపోతాండావవ్వా? పెండ్లిచూపులకా?"

"ముందు రోడ్డు చూసి నడుపు నాయనా" అన్నాను.

నంద్యాల ఏడింటికల్లా చేరాం. రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ ప్లేటు నలభై రూపాయలు. ఉగ్గానికి నానబెట్టిన బొరుగుల్లో నీళ్లు సరిగా పిండలేదని వంటామెతో అన్నాను. ఆమె గరిటె ఆపకుండానే, "పిండితే గట్టిగుండాదంటారు, పిండకుంటే మెత్తగుండాదంటారు. నీ మొగుడు రెండో ప్లేటు తింటాండాడు, ఆయన్నడుగు" అంది. నిజంగానే తింటున్నారు. ఆళ్లగడ్డ దాటాక నల్లరేగడి చేలు, మైదుకూరు దగ్గర పసుపు బస్తాల లారీలు. దారి పొడవునా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పది గంటల పది నిమిషాలకు కడపలో దిగాం.

ఓబులేసు గారు ఒకప్పుడు బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ నడిపిన మనిషి. ప్రతి స్పీకరు కింద మూడంగుళాల నల్ల బండ వేశారు. పెట్టె కదలకపోతేనే శబ్దం శుభ్రంగా ఉంటుందట. నేను నా పద్ధతి చెప్పాను: అన్నింటికీ ఒకే పాట, ఒకే వాల్యూము, ఒకే కుర్చీ, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. పెన్ డ్రైవులో తెచ్చినది మా భజన బృందం పాత రికార్డింగు. అందులో మృదంగం ఆయనదే. గుమ్మం దగ్గర బూట్లు విప్పించి, మేజోళ్లు మాత్రం ఉంచుకోమన్నాను. ఊరు కాని ఊళ్లో, కొత్తవాళ్లింట్లో పగిలిన మడమలెందుకు బయటపెట్టడం అనుకున్నాను. తివాచీ మీది కుర్చీలో కూర్చోబెట్టి ఒకటి తర్వాత ఒకటి నాలుగు సబ్‌వూఫర్లు విన్నాం. నాకు కిటికీ రెక్క అదరడం కూడా తెలిసింది. ఆయన ప్రతిసారీ తల అడ్డంగా ఊపారు. పన్నెండున్నరకు నేను నోట్‌బుక్ మూసేశాను.

"శానా పెట్టెలు చూపించినావప్పా, పాపం. లోపం నా చెవుల్ది" అన్నారు ఆయన ఓబులేసు గారితో.

మజ్జిగ తెచ్చారు. కరెంటు ఉన్నా ఆ గదిలో ఉక్క. కిటికీ కింద గోడ వారగా రెండు చిన్న ఇటుక దిమ్మెల మీద పొడవాటి కడప బండ పరిచి ఉంది. ఎండ పూట ఆ ప్రాంతంలో అందరూ కూర్చునేది అలాంటి చల్లటి బండ మీదే. ఆయన మేజోళ్లు పీకేసి, దాని మీదికెక్కి, కాళ్లు మడిచి బాసిపట్టు వేసుకున్నారు. నేను వద్దనేలోపే. నాలుగో సబ్‌వూఫర్ ఆ బండ పక్క మూలలోనే ఉంది, పాట ఇంకా నడుస్తోంది. కాసేపటికి ఆయన ఎడమ చెయ్యి తొడ మీద కదలడం మొదలైంది.

"తొప్పి తెలుస్తాంది" అన్నారు. "బండలోంచి వస్తాంది."

నేను నమ్మలేదు. అది ఆయన వాయించిన పాటే, జ్ఞాపకంలోంచి కొడుతూ ఉండొచ్చు. ఆయన ఎన్నడూ వినని మృదంగం ఏదైనా పెట్టమని ఓబులేసు గారిని అడిగాను. మా ఆయన వెనక నిలబడి, నేను చెయ్యి ఎత్తినప్పుడు సబ్‌వూఫర్ ఆపమని, దించినప్పుడు వేయమని సైగ చేశాను. ఆపగానే ఆయన వేళ్లు ఆగాయి. వేస్తే కదిలాయి. మళ్లీ ఆపాం, మళ్లీ ఆగాయి. నాలుగోసారికి ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఏమే, ఈడ కూడా పరీచ్చ పెడతాండావా?" అన్నారు.

ఓబులేసు గారు నవ్వి, బండ కింద ఖాళీగా ఉండటం వల్ల అది అదురుతోందని వివరించారు. "స్పీకరు అదరకూడదని బండ ఏస్తాండానమ్మా. మనిషికి అదరాలని నాకు తోచలే." నాకూ తోచలేదు. రెండు చోట్లా నేనే ఆయన పాదాలకు గుడ్డ చుట్టి, తివాచీ మీద కూర్చోబెట్టి, ఏమీ వినపడలేదని రాసుకున్నాను.

పెద్ద స్పీకర్లు వద్దనుకున్నాం. సబ్‌వూఫర్ ఒక లక్షా పది వేలు, నా చెవుల కోసం చిన్న స్పీకర్ల జత లక్షా నలభై ఐదు వేలు. యాంప్లిఫయర్ ఇంట్లో ఉన్నది సరిపోతుంది. మా ఆయన కూర్చోవడానికి పంపే బండకు ఓబులేసు గారు డబ్బు తీసుకోనన్నారు, లారీ బాడుగ మాత్రం మనదే. మూడు గంటలకు బయల్దేరాం. మైదుకూరు అంగళ్ల దగ్గర ఆయన మస్తాన్‌ను కారు ఆపమని, ఒక్కరే దిగి, పొట్లంతో తిరిగి వచ్చారు. పావుకిలో రవ్వ.

"ఇంట్లో డబ్బా నిండా ఉంది కదండీ" అన్నాను.

"అది నీది. ఇది నాది."

భజనలో ఆయన మళ్లీ తాళం పట్టగలరో లేదో నాకు తెలియదు. తాళాలు ఆయనకు ఇప్పటికీ వినపడవు. బండ ఇంటికి రావడానికి ఇంకో వారం పడుతుంది, ఈలోగా అటక మీది మృదంగం కిందికి దిగింది, దాని ఎండిన తోలు వార్లను బిగించడానికి మనిషిని పిలిపించాం. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పరీక్షలు పెట్టిన నేను, ఏది వినాలో చెప్పాను కానీ దేనితో వినాలో ఆయన్ను అడగలేదు. మీరు ఖరీదైన స్పీకర్లు వినడానికి వెళ్తే, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే, బూట్లూ మేజోళ్లూ రెండూ విప్పించి, తివాచీ లేని చోట, వాళ్లు రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోనివ్వండి.